మందు తగలని పెరడు

మా అత్తగారు పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూశారు. నిద్రలోనే ప్రాణం పోయింది. మంచాన పడలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. ముందురోజు సాయంత్రం కూడా, గిన్నెలు కడిగిన నీళ్లు అరటిచెట్టు మొదట్లో పోయకుండా వాకిట్లో పారబోశానని నన్ను కేకలేశారు. మా చర్చి గుడిగంట ఆగి ఆగి మోగేసరికి మా వీధి అంతటికీ తెలిసిపోయింది. అందరికంటే ముందు ఎదురింటి వదిన పరిగెత్తుకొచ్చింది. అత్తగారి కాళ్ల దగ్గర కూలబడి కాసేపు ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, "పెరట్లో నీళ్లు పోశావా? ఇంకా పోయకపోతే ఈ మనిషి లేచి కూర్చుంటది" అంది. ఏడుస్తూ ఏడుస్తూనే నేను నవ్వేశాను. వదినే బిందె తీసుకుని పెరట్లోకి వెళ్లింది.

నిండా బతికి, చివరిదాకా పెత్తనం చేసి వెళ్లిన మనిషి కోసం గుండెలు బాదుకుంటే ఆవిడకే నచ్చదు. నాకూ ఇప్పుడు దుఃఖం కంటే గర్వమే ఎక్కువగా ఉంది. ఆ ఇంటి కోడలినని చెప్పుకోవటం నాకు ఎప్పుడూ గొప్పే. ఎందుకు గొప్పో తెలియాలంటే మా పెరటి సంగతి చెప్పాలి.

నేను ఆ ఇంటికి వచ్చింది ఎనభైల మొదట్లో. తాడేపల్లిలో రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని, కూరగాయలు బజారు గంపల్లో పుడతాయనుకునే రకాన్ని. మా అత్తవారి ఊరు చిలకలూరిపేట నుంచి పర్చూరు పోయే దారిలో, నల్లరేగడి నేలల మధ్య ఉంటుంది. ఎటు చూసినా పత్తి, పత్తి లేనిచోట మిరప. అత్తగారు మిషను బడిలో చిన్న తరగతులకు టీచరు. మామగారు చేను కౌలుకు తీసుకుని పత్తి వేసేవారు. ఇంటి వెనక కాస్తంత జాగా ఉండేది, చుట్టూ పత్తికట్టెతో కట్టిన దడి. ఆ జాగాకి ఒకటే చట్టం. పురుగుమందు సీసా గాని, డబ్బా గాని, మందు కొట్టే పంపు గాని, మందు పడ్డ చొక్కా గాని ఆ దడి దాటి లోపలికి రాకూడదు. "పొలం మీది, పెరడు నాది" అని పెళ్లయిన కొత్తలోనే మామగారితో తేల్చి చెప్పేశారట.

ఈ పంతం ఎక్కడిదని ఒకసారి అడిగితే, తన బడిలో జరిగిన సంగతి చెప్పారు. ఆ రోజుల్లో మందు అయిపోయాక ఖాళీ డబ్బాలు ఎవరూ పారేసేవాళ్లు కాదు. గట్టి డబ్బాలు, బిగుతు మూతలు. కడిగి మజ్జిగకో, కిరసనాయిలుకో, పిల్లల మంచినీళ్లకో వాడుకునేవాళ్లు. అలాంటి డబ్బాలో నీళ్లు తెచ్చుకున్న ఒక పిల్ల క్లాసులోనే నురగలు కక్కుతూ పడిపోయింది. మిరపకాయల లారీలో వేసుకుని గుంటూరు తీసుకెళ్తే బతికింది. తల్లి మాత్రం "బూడిదేసి తోమానమ్మా, వేణ్నీళ్లతో కడిగానమ్మా" అని ఒకటే ఏడుపు. మర్నాడు అత్తగారు సుత్తి పట్టుకుని బడికెళ్లి, పిల్లల చేతుల్లో ఉన్న డబ్బాలన్నీ తీసుకుని బండమీద పెట్టి చితక్కొట్టారు. తల్లులు కొట్లాటకు వచ్చారు. "కడగటం వేరు, పోవటం వేరు" అని వాళ్లకు ఆ రోజు చెప్పిన మాటే తర్వాత నేను వందసార్లు విన్నాను. అంట్ల దగ్గర కూడా అదే మాట, మా ఆయన సిగరెట్టు మానేశానన్నప్పుడు కూడా అదే మాట.

మొదట్లో నాకు ఆవిడతో బయటికెళ్లాలంటే తల తీసేసినట్టుండేది. మంగళగిరి నేత చీర నలగకుండా కట్టుకుని, చేతిలో గొడుగుతో ఠీవిగా బడి నుంచి వచ్చే టీచరమ్మ, దారిలో పేడ కనిపిస్తే ఆగిపోయేవారు. గొడుగు నా చేతికిచ్చి, సంచిలోంచి తాటాకు బుట్ట తీసి, పేడ ఎత్తి అందులో వేసుకునేవారు. ఎదురొచ్చిన వాళ్లు నమస్కారం పెడితే పేడచేత్తోనే తిరిగి పెట్టేవారు. నేను కొంగు చాటున మొహం దాచుకుంటే, "దొంగతనం చేస్తున్నానా ఏంటమ్మాయ్? ఎద్దు పారేసుకుంది, నేను తీసుకున్నాను" అనేవారు.

ఆ ఇంట్లో ఏదీ ఊరికే పోయేది కాదు. స్నానాల దొడ్డి నీళ్లు చిన్న కాలువ మీదుగా అరటికి, చామకు పోయేవి. సబ్బు నీళ్లు మొక్కలకు పడవని అందరం కుంకుడుకాయా, సున్నిపిండీ వాడాల్సిందే. తాడేపల్లి నుంచి నేను తెచ్చుకున్న వాసన సబ్బు చివరికి కిటికీలో ఎండి పగిలిపోయింది. సాయంత్రం పూట వీధిలో అందరూ ఊడ్చిన ఆకులు కుప్ప చేసి తగలబెడుతుంటే, "కాల్చకండర్రా, నాకివ్వండి" అంటూ ఇల్లిల్లూ తిరిగేవారు. అప్పుడప్పుడే కొట్లలో ప్లాస్టిక్ కవర్లు మొదలయ్యాయి. మా ఇంటికి కవరు వస్తే తిరిగి కొట్టుకు పంపించేసేవారు. నా పుట్టింటివాళ్లు పెట్టిన కుట్టుమిషను మీద నేను మొట్టమొదట కుట్టింది జాకెట్టు కాదు, మామగారి పాత లుంగీలతో కూరల సంచులు.

అన్నీ కుదిరాయని అనను. ద్రాక్ష తీగ పెట్టారు, దానికి ఆకులే గాని కాయన్నది కాయలేదు. మా ఆడపడుచును చూడటానికి పెళ్లివారు వచ్చిన రోజునే ఎరువు గుంట తిరగేశారు. ఇక వాడరేవు నుంచి ఎండుచేపల తుక్కు తెచ్చిన సంగతి ఊరంతా చెప్పుకున్నారు. సముద్ర స్నానానికని వెళ్లాం. వచ్చేటప్పుడు సొరపాదుకు బలమని ఇంత గోనె మూట కట్టించారు. బస్సెక్కగానే చుట్టూ జనం ముక్కులు మూసుకున్నారు. "ఏం మూటమ్మా అది? దించండి, దించండి" అని కండక్టరు అరిచాడు. "మూటకి కూడా టికెట్టు కొట్టు నాయనా. వాసన రాకుండా కూర్చోమని దానికి నేను చెప్తాలే" అన్నారు అత్తగారు. బస్సంతా ఒకటే నవ్వులు. కండక్టరు టికెట్టు కొట్టలేదు, మూటా దించలేదు. చీరాల దాటాక తనే సొరగింజలుంటే ఇవ్వమని అడిగాడు.

పురుగు పడితే వేపగింజలు దంచి నానబెట్టిన నీళ్లు చల్లేవారు. దానికీ పోకపోతే మిరప కల్లాల్లో ఏరి పారేసిన తాలుకాయలు, వెల్లుల్లి కలిపి నూరి ఆ నీళ్లు కొట్టేవారు. చల్లటానికి పంపు లేదు, వేపరెమ్మే. మా పాస్టరయ్యగారు చంటిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చినంత శ్రద్ధగా ఆకాకుకీ చిలకరించేవారు. అప్పటికీ పోకపోతే ఊరుకునేవారు. "పురుగు తిన్న ఆకు నేనూ తింటాను. పురుగు కూడా వద్దన్న ఆకు నాకెందుకు?" అనేవారు. వంకాయలో పురుగు వస్తే ఆ మేరకు కోసి పారేసి మిగతాది వండటమే గాని, ఒక్క కాయ కూడా పారేయనిచ్చేవారు కాదు.

ఆ రోజుల్లో పత్తి ఊళ్లలో తల్లులకు ఒక అలవాటు ఉండేది. పిల్లలు చేలో గాని గట్టు మీద గాని ఏది కోసి నోటి దగ్గర పెట్టుకున్నా, చేతి మీద ఒక్కటిచ్చి లాక్కునేవాళ్లు. మందు ఎక్కడ పడిందో ఎవరికి తెలుసు? ఒక్క మా పెరట్లోనే పిల్లలకు ఆ దెబ్బ ఉండేది కాదు. అందుకే వీధిలోని చంటిపిల్లలందరూ సాయంత్రానికి మా ఇంట్లో తేలేవాళ్లు. "నా పెరట్లో ఏ బిడ్డ ఏది కోసుకుని నోట్లో పెట్టుకున్నా నేను చెయ్యి పట్టుకోను" అని ఆవిడ అందరికీ మాటిచ్చారు. జీతం, ఉద్యోగం, టీచరమ్మ అన్న పేరు, ఇవన్నీ ఒక ఎత్తు. ఈ మాట ఒక్కటీ ఒక ఎత్తు. ఏటా గుళ్లో కోత పండుగకు అందరూ తమ పంటలో మొదటివి తెచ్చి కానుకగా పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని అరుగు మీద వేలం వేస్తారు. ఒకళ్లు గుమ్మడికాయ తెస్తారు, ఒకళ్లు పుంజును తెస్తారు. మా అత్తగారి కూరల బుట్ట వచ్చేసరికి చంటిపిల్లల తల్లులు పోటీపడి పాడేవాళ్లు. బిడ్డకు మొదటి కూర ఆ బుట్టలోదే పెట్టాలని వాళ్ల నమ్మకం.

పత్తికి తెల్లదోమ పడిన ఏడాది ఆ మాటకే ముప్పు వచ్చింది.

అప్పటికి మా అమ్మాయి అడుగులు వేస్తోంది. చేలోకి దిగితే దోమ పొగలాగా లేచేది. ఏ మందుకూ లొంగలేదు. మామగారు పంపు భుజాన వేసుకుని వెళ్తే కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చేవారు. ఊరంతా మందు వాసనే. అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకున్నా అదే వాసన. టీ కొట్టు దగ్గర మామగారిని ఏడిపించేవాళ్లు. "ఏం బాబాయ్, మీ టీచరమ్మగారి పెరట్లో నుంచే దోమ లేస్తందంట గదా! కూరలు పురుగులకేనా, మనుషులకు కూడానా?" అని. ఆయన మెత్తటి మనిషి, తిరిగి అనలేరు. దానికి తోడు మా చిక్కుడు పందిరికి పేనుబంక పట్టింది. వేపనీళ్లకు పోలేదు. ఇంతలోకి కోత పండుగ దగ్గర పడింది. భార్య బుట్ట గుళ్లో చిన్నబోతుందని ఆయన బెంగ.

ఆ గురువారం అత్తగారు బడికి వెళ్లారు. నేను పిల్లను తీసుకుని తాడేపల్లి వెళ్లాను. మామగారు చేను నుంచి వస్తూ, పంపులో అడుగున మిగిలిన మందు పెరట్లో కొట్టేశారు. చిక్కుడుకు, వంగకు, టమాటాకు, సొరపాదుకు, అన్నిటికీ.

మర్నాడు సాయంత్రం నేను తిరిగి వచ్చి, అలవాటు చొప్పున పిల్లను పెరట్లో దించాను. అత్తగారు చిక్కుడు పందిరి కింద వంగి నేలమీద ఏదో చూస్తున్నారు. ఎర్రటి వీపు మీద నల్లచుక్కలతో ఉండే అక్షింతల పురుగులు, పేనుబంకను తినేవి, వెల్లకిలా పడి ఉన్నాయట. ఊరంతా మందు వాసన కొడుతుంటే ముక్కు ఏం చెప్తుంది, కళ్లకే తెలిసింది. ఆవిడ తలెత్తి చూసేసరికి మా అమ్మాయి టమాటా కోసుకుని కొరికేసింది. అంత పెద్దమనిషి అంత వేగంగా పరిగెత్తటం నేను మళ్లీ చూడలేదు. పిల్ల చేతి మీద కొట్టి కాయ లాగేశారు. "ఉమ్మెయ్, ఉమ్మెయ్ నా తల్లీ" అంటూ నోట్లో వేలు పెట్టి ముక్క బయటికి తీశారు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నానమ్మ కొట్టటం దానికి అదే మొదటిసారి.

నోరు కడిగాం. పాలు తాగించాం. పిల్లకేమీ కాలేదు. అది మళ్లీ ఆడుకోవటం చూశాకే అత్తగారు మామగారి వైపు తిరిగారు. ఆయన్ని ఏమండీ అని తప్ప పిలవని మనిషి.

"ఏవయ్యా, పెరట్లో మందు కొట్టావా?"

"ఎక్కువేం కాదే. పంపులో మిగిలిందే..."

"ఎవరి కోసం కొట్టావు?"

"నీ కోసమే. అందరూ నవ్వుతుంటే చూడలేకపోయాను." ఆయన తుండుతో ఒక వంకాయ తుడిచారు. "ఆదివారానికి శుభ్రంగా కడిగి తీసుకెళ్దాం. కాయలు నిగనిగలాడుతున్నాయి, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

"ఎవరికీ తెలియదు కాబట్టే చెప్పాలి" అన్నారు అత్తగారు. ఆయన మీద ఆవిడకు ఎంత కోపం ఉందో, ఎంత జాలి ఉందో నాకు తెలియలేదు.

శనివారమంతా ఇద్దరూ పెరట్లోనే ఉన్నారు. కాసినవన్నీ కోసి, మొక్కలన్నీ పీకి, మేకలు ముట్టకుండా ఊరి బయట లోతుగా గుంట తీసి పూడ్చారు. చేతులకు సంచులు చుట్టుకుని ఆవిడ పీకుతుంటే ఆయన మోశారు. లేత సొరపిందెలు చూసి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం ఏడవలేదు.

ఆదివారం జరీ అంచు తెల్లచీర కట్టుకుని, ఎప్పటిలాగే బుట్ట తీసుకుని బయల్దేరారు. బుట్టలో ఒకే ఒక్క కాయ. నిరుడు విత్తనానికని పాదు మీదే ఎండనిచ్చి, వంటింట్లో పొయ్యి పైన దూలానికి వేలాడదీసిన సొరకాయ. ఊపితే లోపల గింజలు గలగలమనేవి.

వేలం మొదలైంది. మా బుట్ట వంతు రాగానే తల్లులు ముందుకు జరిగారు. బుట్టలోకి తొంగిచూసి మొహమొహాలు చూసుకున్నారు. అత్తగారు లేచి నిలబడ్డారు.

"ఈ ఏడు మా పెరట్లో కూర ఏదీ బిడ్డల నోటికి పనికిరాదమ్మా. మందు పడింది. ఎట్టా పడిందని అడగొద్దు, అది మా ఇంటి సంగతి. ఇది నిరుటి విత్తనం కాయ. దీనికి మందు అంటలేదు. ఈ మాట మాత్రం నేనివ్వగలను."

అప్పుడు మగవాళ్ల వైపు నుంచి మామగారు లేచారు. "కొట్టింది నేనే" అన్నారు. ఊళ్లో ఎప్పుడూ నోరెత్తని మనిషి సంఘం ముందు నిలబడి ఆ మాట అన్నారు. మా ఆయన తల దించుకున్నాడు, నేను దించుకోలేదు.

సంఘపెద్ద గొంతు సవరించుకుని వేలంపాట మొదలుపెట్టాడు. మొదట పాడింది మామగారే. ఎవరో పెంచితే ఆయన మళ్లీ పెంచారు. ఇంకెవరో పెంచారు, ఆయన వదల్లేదు. టీ కొట్టు దగ్గర ఏడిపించే మనిషి ఉండబట్టలేక, "ఏంది బాబాయ్, నీ ఇంట్లో వేలాడిన కాయ నువ్వే పాడుకుంటావా?" అని అరిచాడు. గుడంతా గొల్లుమంది. "పాడనీయండి. ఆయన పాడాల్సిందే" అన్నారు అత్తగారు, నవ్వకుండానే. చివరికి కాయ ఆయనకే వచ్చింది.

ఆయన దాన్ని ఇంటికి తీసుకురాలేదు. గుడి మెట్టు మీద కొట్టి పగలగొట్టారు. గింజలన్నీ ఒళ్లో పోసుకుని, వచ్చిన ప్రతి ఆడమనిషి కొంగులోనూ ఇన్ని వేశారు. "మందు మాత్రం కొట్టనీయకండమ్మా" అని ప్రతి ఒక్కరికీ చెప్పారు. టీ కొట్టు మనిషి భార్యకు కూడా వేశారు. తొలకరి పడ్డాక మా వీధిలో పాకల కప్పుల మీద, దడుల మీద, బడి ప్రహరీ మీద సొరపాదులే. అత్తగారు సాయంత్రం పూట ఇల్లిల్లూ తిరిగి ఆకులు తిరగేసి చూసి, పాదుకు బూడిద చల్లని వాళ్లను చెడామడా తిట్టి వచ్చేవారు. మా కొత్త పెరటికి మొదటి గింజ నాటింది మాత్రం మామగారు. ఆవిడే నాటమన్నారు, ఏమండీ అని పిలిచి మరీ.

ఉన్నమాట చెప్పుకోవాలి. చేలో మందు ఆగలేదు. కౌలు చేను, మందు లేకుండా వదిలేసే గుండె ఆయనకూ లేదు, మాకూ లేదు. అత్తగారు కూడా అడగలేదు. పంపు మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ చేలో పాక దాటి ఊళ్లోకి రాలేదు. ఆయన బావి దగ్గరే స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఇంటికొచ్చేవారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయేదాకా ఆ అలవాటు తప్పలేదు.

మంగళవారం సాయంత్రం అత్తగారిని ఆయన పక్కనే ఉంచి వచ్చాం. ఇంట్లో చోటు చాలక ఆడవాళ్లందరం పెరట్లో చాపలేసుకుని కూర్చున్నాం. ఆవిడ తిట్లు ఒక్కొక్కళ్లూ గుర్తుచేసుకుంటుంటే ఏడుపులు తగ్గి నవ్వులు మొదలయ్యాయి. నా పక్కన మా అమ్మాయి. ఎదురుగా, పక్కింటి కోడలు. ఆమె చంటిది ఎప్పుడు ఒళ్లోంచి దిగిందో, పాక్కుంటూ కాలువ గట్టున ఉన్న టమాటా మొక్క దగ్గరికి పోయింది. కాయ పట్టుకుని లాగింది. రాలేదు, రెండు చేతులతో లాగింది. దుమ్ము కూడా తుడవకుండా నోట్లో పెట్టుకుంది.

మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పక్కింటి కోడలు తిరిగి చూసింది. చూసి, చెప్తున్న మాట ఆపకుండా మళ్లీ మా వైపు తిరిగింది. చంటిదాని గడ్డం మీద నుంచి ఎర్రటి రసం కారి గౌను తడిసిపోతోంది. చుట్టూ ఇంతమందిమి ఉన్నాం, ఒక్కళ్లం కూడా దాని చెయ్యి పట్టుకోలేదు.